స్కూలు నోటీసు ఇచ్చింది, లాయరును ఎలా పెట్టుకోవాలి?

పిల్లాడిని తీసేస్తామని స్కూలు నోటీసు పంపితే, అందిన తేదీ కవరు మీదే రాసి దాచండి. జవాబిచ్చే గడువు మీద పేచీ వస్తే అదే ఆధారం.

"మా ఇష్టంతోనే టీసీ తీసుకుంటున్నాం" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. చాలా కేసులు చెడేది అక్కడే. ఆ సంతకంతో స్కూలు వెళ్లగొట్టింది కాస్తా మీరే వెళ్లిపోయినట్టవుతుంది. లాయరు కూడా పెద్దగా చేయగలిగింది ఉండదు. విద్యాహక్కు చట్టం, 2009 సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా తీసేయకూడదు. 2014 సుప్రీంకోర్టు తీర్పు వల్ల మైనారిటీ స్కూళ్లకు ఇది వర్తించదు.

లాయరును మొదట అడగాల్సింది: స్కూలు కేసులు, హైకోర్టులో రిట్లు (హక్కుల కోసం నేరుగా అక్కడ వేసే పిటిషన్లు) చేశారా? నోటీసు మీద తాము జరిపే విచారణలోకి లాయర్లను చాలా స్కూళ్లు రానివ్వవు. అందుకే నోటీసుకు రాసే జవాబే కీలకం. ఆరోపణకు ఆధారాలు, సీసీటీవీ ఫుటేజీ అందులోనే అడిగించండి. ఆలస్యమైతే ఫుటేజీ చెరిగిపోతుంది. జవాబుకెంత, రిట్‌కెంత అని ఫీజు విడివిడిగా మాట్లాడుకుని రసీదు తీసుకోండి.

డబ్బు లేదని ఆగిపోవద్దు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, లేదా 15100కు ఫోన్ చేయండి.