ఆండలూసియా (దక్షిణ స్పెయిన్) ప్రయాణం మనమే ప్లాన్ చేసుకుందాం – 4వ పాఠం: అక్కడి ఎండ, అక్కడి గడియారం

ఈసారి రైళ్ల గురించి చెబుతానన్నాను. అది 5వ పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠం చివర ఒక్కరోజు ప్లాన్ రాసి పంపమన్నాను కదా, మీరు పంపినవి చదివాక ఇవి సరిచేయకుండా ముందుకు వెళ్లడానికి మనసొప్పలేదు.

మొదటి తప్పు నాదే. గ్రనడా కొండ మీది కోట అల్హంబ్రా టికెట్ మీద వేసే సమయం గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేశాను. దాంతో చాలామంది "10:30 టికెట్, 10:15కి గేటు దగ్గర" అని రాశారు. ఆ సమయం గేటుది కాదు, లోపలున్న నస్రీ రాజభవనాలది. టికెట్ కౌంటర్లున్న గేటు నుంచి అక్కడికి 15–20 నిమిషాల నడక. అమ్మమ్మో చంటిబిడ్డో వెంట ఉంటే ఇంకా ఎక్కువే. ఆ సమయం దాటితే రాజభవనాల్లోకి రానివ్వరు, కోటా తోటలూ చూసి తిరిగి రావాల్సిందే. టికెట్ సమయానికి గంట ముందే కొండ మీద ఉండండి. టికెట్ ఫోన్‌లో సిద్ధంగా ఉంటే నేను పెద్ద గేటు జోలికి పోను. పుయెర్తా దె లా హుస్తీసియా అనే పాత కోట ద్వారం గుండా వెళతాను, రాజభవనాలు అక్కడికి దగ్గర. అసలు పాస్‌పోర్టు చేతిలో ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇక రెండోది. ఇంచుమించు అందరి ప్లాన్‌లోనూ ఒకే వాక్యం: "మధ్యాహ్నం రెస్ట్, ఎండ తగ్గాక 5 గంటలకి బయల్దేరతాం." జూన్‌లో ఆండలూసియా పెద్ద ఊరు సెవిల్‌లో 5 గంటలకి ఎండ తగ్గదు. అప్పుడే ముదురుతుంది.

ఎందుకో చూడండి. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్క నుంచే పోతుంది. అందుకే విజయవాడలో 12 దాటిన కొద్ది నిమిషాలకే పొద్దు నడినెత్తికి వస్తుంది. మన గడియారం, మన పొద్దు కలిసే నడుస్తాయి. స్పెయిన్ అలా కాదు. మ్యాపులో అది ఇంగ్లండుకి సరిగ్గా కింద ఉంటుంది, కానీ 1940 నుంచి జర్మనీ టైమే పాటిస్తోంది. అక్కడ ఒక గంట పోయింది. వేసవిలో గడియారాన్ని ఇంకో గంట ముందుకు జరుపుతారు. పైగా సెవిల్ ఆ దేశంలోనే పడమటి వైపున ఉంది. ఇవన్నీ కలిసి అక్కడ పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మధ్యాహ్నం 2:25 అవుతుంది. జూన్‌లో పొద్దు గుంకేది రాత్రి 9:45 ప్రాంతంలో.

లెక్క తేలికే. సెవిల్ టైములోంచి రెండుంపావు గంటలు తీసేయండి, మన ఎండ టైము వస్తుంది. అక్కడ 5 అంటే మనకి రెండూ ముప్పావు. ఆ వేళకి మే నెలలో విజయవాడ బీసెంట్ రోడ్డులో పిల్లల్ని నడిపిస్తారా? అక్కడ 6:15 అంటే మనకి 4. అక్కడ రాత్రి 8:30 అంటే మనకి 6:15, అప్పుడు హాయిగా తిరగొచ్చు.

దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మొదటిసారి అమ్మని తీసుకుని కోర్డోబా వెళ్లినప్పుడు నేనూ సాయంత్రమే కదా అని రోమన్ వంతెన చూపించడానికి బయల్దేరాను. ఆ వంతెన మీద ఒక్క చెట్టు నీడ లేదు. తిరిగొస్తుంటే మందుల షాపు ముందు పచ్చ క్రాస్ బోర్డు మీద టైమూ ఉష్ణోగ్రతా మారి మారి వెలుగుతున్నాయి: 18:10, 42 డిగ్రీలు. అమ్మ కొంగు తల మీద కప్పుకుని గోడ పక్కన జానెడు నీడలో ఒదిగి నిలబడింది. ఆ రోజు మళ్లీ గది దాటలేదు.

కాబట్టి రోజుని ఇలా విడదీయండి. పొద్దున 8:30కల్లా బయట ఉండాలి. కోర్డోబా మెస్కీతాలోకి (ఒకప్పటి మసీదు, ఇప్పుడు చర్చి) ఆదివారం తప్ప మిగతా రోజుల్లో 8:30 నుంచి 9:30 దాకా ఉచితం, అప్పుడు జనమూ తక్కువే. 2 గంటలకి కడుపునిండా భోజనం. సెవిల్ పాత బార్లలో (అక్కడ బారంటే టిఫిన్ కొట్టు లాంటిదే, పిల్లలతోనూ వెళ్లొచ్చు) పాలకూర, శనగల కూర దొరుకుతుంది, బ్రెడ్డుతో బాగుంటుంది. ఆ తర్వాత 8 దాకా ఏసీ గది. చాలా హోటళ్లలో 4 నుంచి 8 దాకా వంటిల్లు మూసేస్తారు, కాబట్టి మీరు రాసిన "7:30 డిన్నర్" కుదరదు. పిల్లలకి 6:30కి ఏదైనా బార్లో తోర్తీయా ముక్క పెట్టించండి, గుడ్డూ బంగాళాదుంపా వేసి చేసిన మందపాటి అట్టు అది.

మధ్యాహ్నం నడిచి తిరిగి రాగలిగేంత దూరంలో గది లేకపోతే ఈ ప్లాన్ పనిచేయదు. ఊరి బయట చవగ్గా బుక్ చేసినవాళ్లు, క్యాన్సిల్ చేసే వీలుంటే ఈ రోజే మార్చుకోండి. ఊరు మారే రోజున నేను కావాలనే 5 గంటల రైలు ఎక్కుతాను. కోర్డోబా నుంచి సెవిల్‌కి ముప్పావు గంట, మండే వేళ కాస్తా ఏసీ పెట్టెలో గడిచిపోతుంది.

నన్నడిగితే జూన్ వద్దు. బడి సెలవుల్లోనే కుదురుతుందంటే మే మొదటి వారం చూడండి. కోర్డోబాలో మాత్రం అప్పుడు పూల పెరళ్ల పండగ, గదుల ధర ఎక్కువ.

అభ్యాసం: మీ ప్లాన్ మూడు రోజులకి మళ్లీ రాయండి. ప్రతి చోటుకీ పక్కపక్కన అక్కడి టైము, మన ఎండ టైము, నడక ఎన్ని నిమిషాలు, దగ్గర్లో నీడలో కూర్చునే చోటు ఎక్కడ అన్నవి ఉండాలి. నీడ దొరకని చోటుని పొద్దుటికో రాత్రికో మార్చండి. తర్వాత అదే ప్లాన్ నవంబరుకి ఇంకోసారి రాయండి. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి పోతుంది కాబట్టి అప్పుడు తీసేయాల్సింది ఒకటింపావే. ఇద్దరు పెద్దవాళ్లు వెంట ఉన్నారనుకునే రాయండి, లేకపోయినా సరే.