పాత పీఎస్4 బదులు గేమింగ్ పీసీ: తక్కువ బడ్జెట్‌లో మీరే బిగించుకోవడం ఎలా?

మా ఇంట్లో పీఎస్4 (ప్లేస్టేషన్ 4) గేమ్ కన్సోల్ ఫ్యాను ఎండాకాలం వచ్చిందంటే పిండిమరలా మోగేది. కొత్త కన్సోల్ కొనాలా, పీసీ బిగించుకోవాలా అని తమ్ముడూ నేనూ ఒక దసరా సెలవులంతా వాదించుకుని, చివరికి పీసీకే దిగాం. తర్వాత చుట్టాల పిల్లలకు ఇంకో నాలుగు బిగించి పెట్టాను. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవాలి అన్నది ఆ అయిదింటితో అబ్బిన సంగతే.

ముందే చెప్పేస్తాను: కన్సోల్ ధరకే కన్సోల్‌కి సమానమైన పీసీ రాదు. కన్సోల్ కంపెనీలు పెట్టె మీద పెద్దగా మిగుల్చుకోకుండా అమ్మి, గేముల మీద, చందాల మీద రాబట్టుకుంటాయి. పీసీలో లెక్క తిరగబడుతుంది. మొదట ఎక్కువ పోస్తాం, తర్వాత మిగుల్చుకుంటాం. కొనుక్కున్న గేమ్‌ను ఆన్‌లైన్‌లో ఆడటానికి నెలనెలా చందా కట్టక్కర్లేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో సేల్ పడితే చాలా గేముల ధర సగానికి, పావుకి దిగుతుంది. ఎపిక్ స్టోర్‌లో తరచూ ఏదో ఒక గేమ్ ఉచితంగా దొరుకుతుంది. అయితే మీ పీఎస్4 డిస్కులు పీసీలో ఆడవు. కన్సోల్‌తో కలిపి అమ్మేయండి. కంట్రోలర్ మాత్రం ఉంచుకోండి, దానితో పని ఉంది.

మొదటి పని: లెక్క వేసుకోవడం

ధరలు వారానికోలా ఉంటాయి కాబట్టి అంకెలు రాయను, వాటాలు చెబుతాను. మానిటర్, కీబోర్డు పక్కన పెడితే, మిగిలిన డబ్బులో మూడో వంతుకు పైనే గ్రాఫిక్స్ కార్డుకు పోవాలి. గేమ్ ఎలా ఆడుతుందో తేల్చేది అదే. 1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీ తెర మీద ఆడటానికి 8 జీబీ మెమరీ ఉన్న కార్డు చాలు. 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 ఇప్పటికీ బడ్జెట్ బిల్డులకు నమ్మకంగా చెప్పదగ్గది. 132 వాట్లతో సరిపెట్టుకుంటుంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) మీద కూడా భారం పడదు.

చవగ్గా కొత్త ఆర్‌ఎక్స్ 580 అని కనిపిస్తే మాత్రం ఆగండి. 2017లో వచ్చిన అసలు కార్డులో 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లు (బొమ్మల లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉంటాయి. అదే పేరుతో తిరిగే చౌక రకంలో 2048 మాత్రమే. డబ్బులిచ్చే ముందు షాపులోనే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపి ఆ అంకె చూపించమనండి. సెకండ్ హ్యాండ్ కార్డు ఏదైనా సరే, కళ్ల ముందు అరగంట గేమ్ ఆడించి చూడనిదే తీసుకోవద్దు.

ప్రాసెసర్ విషయంలో నా ఓటు ఏఎండీ రైజెన్ 5 5600కి. 6 కోర్లు, 12 థ్రెడ్లు, బాక్స్‌లోనే కూలర్ వస్తుంది. చేతిలో ఇంకా తక్కువుంటే ఇంటెల్ ఐ3-12100ఎఫ్ కూడా పనికొస్తుంది. దానికి 4 కోర్లే. మార్కెట్‌లో ‘ఐ7 గేమింగ్ పీసీ’ అని రంగురంగుల లైట్లేసి అమ్మేవి చూస్తారు. ఏ తరం ఐ7 అని ఒక్క ప్రశ్న అడగండి. 3770, 4770 అన్నారంటే అవి 2012, 2013 నాటి సరుకు. విండోస్ 11 అధికారికంగా వాటి మీద ఎక్కదు.

రైజెన్ 5 5600కి బీ550 మదర్‌బోర్డు తీసుకోండి. పాత బీ450 అయితే బయాస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇమ్మనండి, లేకపోతే ప్రాసెసర్‌ను గుర్తించకపోవచ్చు. ర్యామ్ 16 జీబీ, అదీ ఒకే స్టిక్‌గా కాదు, 8 జీబీవి రెండు. 2025 చివర్లో ర్యామ్ ధరలు మండిపోవడం మొదలైంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ ఊడ్చుకుపోవడమే దానికి కారణం. పాత డీడీఆర్4 స్టిక్కులు వాడిన వాళ్ల దగ్గర దొరికితే మొహమాటపడకండి, ర్యామ్ అంత తొందరగా పాడయ్యే వస్తువు కాదు. గేములు దాచుకునే స్టోరేజీకి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, కుదిరితే 1 టీబీ. ఇప్పటి పెద్ద గేమ్ ఒక్కోటి 100 జీబీ దాకా మింగుతుంది.

ఇక ఎస్‌ఎంపీఎస్. అందరూ చివర్లో మిగిలిన చిల్లరతో కొనేది ఇదే, అసలు పిసినారితనం చూపకూడనిదీ ఇదే. క్యాబినెట్‌తోపాటు ఫ్రీగా వచ్చే డబ్బా మీద 450 వాట్లని రాసి ఉంటుంది. చేత్తో ఎత్తి చూస్తే ఖాళీ టిఫిన్ బాక్సులా తేలిపోతుంది. ఓల్టేజీ ఊగే ఇళ్లలో అది పోతూ పోతూ బోర్డునూ కార్డునూ వెంటబెట్టుకుపోగలదు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉన్నది, 550 వాట్లది తీసుకోండి. క్యాబినెట్‌కి గ్లాసు, లైట్లు లేకపోయినా ముందు జాలీ ఉండాలి. మే నెలలో ఏసీ లేని గదిలో దాని విలువ తెలుస్తుంది.

కొనడం

హైదరాబాద్ వాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ అనేది సీటీసీ. చెన్నైలో ఉంటే రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు. మూడు నాలుగు షాపుల్లో కొటేషన్ రాయించుకుని, ఆన్‌లైన్ ధరతో పోల్చి చూడండి. ‘బిల్లు వద్దంటే ఇంత తగ్గిస్తా’ అన్న మాట తప్పక వినిపిస్తుంది. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశపడితే రేపు వారంటీకి వెళ్లినప్పుడు చేతిలో కాగితం ఉండదు. బిల్లు మీద సీరియల్ నంబర్లు కూడా రాయించుకోండి.

బిగించడం

కావాల్సింది ఒక స్టార్ స్క్రూడ్రైవర్, మంచి వెలుతురు, ఎవరూ తొందరపెట్టని ఒక మధ్యాహ్నం. మదర్‌బోర్డు పెట్టెనే బల్లగా వాడుకుని దాని మీద బోర్డు పరవండి. చేతిలోని స్టాటిక్ పోవడానికి మధ్యమధ్యలో క్యాబినెట్ ఇనుమును తాకుతుండండి.

ముందు ప్రాసెసర్. సాకెట్ పక్కనున్న లివర్ పైకెత్తండి. ప్రాసెసర్ మూల మీద చిన్న బంగారు త్రికోణం ఉంటుంది, సాకెట్ మీదా అలాంటిదే ఉంటుంది. రెండూ ఒకే మూలకు రావాలి. 5600కి అడుగున సన్నటి పిన్నులుంటాయి కాబట్టి నొక్కకూడదు. సరిగ్గా పెడితే దానంతట అదే దిగి కూర్చుంటుంది. అప్పుడు లివర్ దించండి.

కూలర్ దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. 5600తో వచ్చే కూలర్ బిగించాలంటే సాకెట్‌కి రెండు వైపులా ఉన్న ప్లాస్టిక్ కొక్కేల స్క్రూలు నాలుగూ ముందు తీసేయాలి. అవి తీయగానే బోర్డు వెనకున్న లోహపు పలక ఊడి కింద పడుతుంది. మొదటిసారి ఆ చప్పుడుకే నాకు గుండె జారింది. ఒక చెయ్యి కింద పెట్టి పలకను పట్టుకుని, కూలర్‌ను పైనుంచి దించండి. వేడిని లాగే పేస్ట్ దాని అడుగునే పూసి వస్తుంది, వేళ్లతో ముట్టుకోవద్దు. స్క్రూలను ఎదురెదురు మూలలుగా, ఒక్కోదాన్ని రెండు మూడు చుట్లు తిప్పుతూ బిగించండి. ఒకదాన్నే చివరిదాకా తిప్పేస్తే రెండోది అందదు. ఫ్యాను వైరును బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నులకు తగిలించండి.

ర్యామ్ స్లాట్లు నాలుగుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి. ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా దూర్చి, పడుకోబెట్టి, చిన్న స్క్రూ వేయండి. దాని మీద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పలక) బిగిస్తుంటే అడుగునున్న పల్చటి ప్లాస్టిక్ పొర ఒలిచారో లేదో చూసుకోండి.

ఇప్పుడు క్యాబినెట్. బోర్డు దించే ముందే వెనకవైపు ఐఓ షీల్డ్ అనే రేకు పెట్టాలి. తర్వాత గుర్తొస్తే బోర్డంతా మళ్లీ ఊడదీయాల్సిందే. ఎస్‌ఎంపీఎస్ బిగించి, బోర్డుకి వెడల్పాటి 24 పిన్నుల తీగ, పైమూలన ప్రాసెసర్‌కి 8 పిన్నుల తీగ ఇవ్వండి. గ్రాఫిక్స్ కార్డును దాని స్లాట్‌లో కూర్చోబెట్టండి. దానికీ 8 పిన్నులదే ఉంటుంది కానీ రెండూ వేరు. తీగ మీద సీపీయూ, పీసీఐఈ అని రాసి ఉంటుంది, అది చదివి పెట్టండి. బలవంతంగా దూర్చే అవసరం వచ్చిందంటే తప్పు తీగ పట్టుకున్నారని అర్థం. పవర్ బటన్ నుంచి వచ్చే సన్న తీగలు ఎక్కడ పెట్టాలో బోర్డు మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది.

ఆన్ చేయడం

నా మొదటి పీసీ ఆన్ అయింది, ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. గంటసేపు ఊడదీసి పెట్టి, ఊడదీసి పెట్టి టెన్షన్ పడ్డాక తమ్ముడు వెనక్కి వంగి చూసి నవ్వాడు. హెచ్‌డీఎంఐ తీగ బోర్డుకి పెట్టాను. 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండవు. తీగ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. అది సరిగ్గానే ఉన్నా బొమ్మ రాకపోతే ఒకటి రెండు నిమిషాలు ఆగండి, మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి టైమ్ పడుతుంది. ఆ తర్వాతా రాకపోతే బోర్డు మీద సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ (ఎస్‌ఎస్‌డీ) అని చిన్న లైట్లు ఉన్నాయేమో చూడండి. ఏది వెలిగి ఆగిపోతే తేడా అక్కడ.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అది పీసీ తప్పు కాదు, ఇంట్లో ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరు ద్వారా దిగిపోవాలి. ఆ దారి లేకపోతే క్యాబినెట్ మీదే నిలుస్తుంది. మూడో పిన్ను విరిచి పెట్టే జుగాడ్ చేయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

బయాస్‌లోకి వెళ్లి ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి, బోర్డును బట్టి డీఓసీపీ అనీ ఉండొచ్చు. చేయకపోతే 3200 వేగానికి డబ్బు పెట్టి కొన్న ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది. వాలరెంట్ ఆడేవాళ్లు అక్కడే టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు కూడా ఆన్ చేసుకోవాలి, విండోస్ 11లో అవి లేకపోతే గేమ్ తెరుచుకోదు.

చివరగా పాత కంట్రోలర్. మైక్రో యూఎస్‌బీ తీగతో తగిలించి స్టీమ్‌లో కంట్రోలర్ సెట్టింగ్ ఆన్ చేస్తే పీఎస్4లో ఆడినట్టే ఆడొచ్చు. టీవీకే కలిపితే టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, లేదంటే బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదులుతుంది. 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ కొన్నవాళ్లు విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి ఆ అంకెను చేత్తో మార్చుకోవాలి. మా బాబాయి కొడుకు ఎనిమిది నెలలు 60లోనే ఆడి, ‘ఏం తేడా లేదన్నా’ అంటూ తిరిగాడు.