మాట తేడా వస్తే మర్నాటిలోపు పది నిమిషాలు

డెడ్‌లైన్ దగ్గరపడ్డప్పుడు తోటి ఉద్యోగితో మాటామాటా పెరుగుతుంది. పని ఎలాగో పూర్తవుతుంది గానీ, ఇద్దరూ వారాల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉండిపోతారు.

ఈ మధ్య నేను పాటిస్తున్న పద్ధతి చెప్తాను. గొడవైన వెంటనే మెసేజ్ పెట్టను. కోపంలో టైప్ చేసిన మాట చదివేవాళ్లకి ఇంకా ఘాటుగా తగులుతుంది. కనీసం గంట ఆగి, మర్నాటిలోపు "10 నిమిషాలు మాట్లాడుకుందామా?" అని అడుగుతాను. నలుగురిలో కాదు, ఇద్దరమే. ముందు "నిన్న మీ మీద ఇంకా ఏమేం పనులు పడ్డాయి?" అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వింటాను. సగం కోపం ఇక్కడే తగ్గిపోతుంది. అవతలివాళ్ల టెన్షన్ మనకి తెలిసేది చాలా తక్కువ.

ఆ తర్వాత నా మాట: ఏం జరిగింది, నాకేం ఇబ్బందైంది, ఈసారి ఏం కావాలి. అంతే. "ఫైల్ సాయంత్రం 6కి వచ్చింది, నేను రాత్రి కూర్చోవాల్సి వచ్చింది. ఆలస్యమయ్యేలా ఉంటే మధ్యాహ్నమే ఒక మాట చెప్పండి." ఇలాగన్నమాట. "మీరెప్పుడూ ఇంతే" అని మాత్రం నోట రానివ్వను. తప్పు నాదైతే సాకులు లేకుండా సారీ చెప్తాను. లేచేముందు ఇద్దరం ఒప్పుకున్న ఒక్క విషయం రాసుకుంటాం.

అవమానించడం, బెదిరించడం అలవాటైనవాళ్ల దగ్గర ఇది పనిచేయదు. వాళ్లతో ఒంటరిగా కూర్చోవద్దు. తేదీ, అన్న మాటలు రాసిపెట్టుకుని పై అధికారికో హెచ్‌ఆర్‌కో చెప్పండి.