డేటాబేస్ పాఠాలు – 4: తెప్పకి ఇంజిన్ ఎలా వచ్చింది?

పోయిన పాఠంలో విశాఖ ఫిషింగ్ హార్బర్ పడవలకి టేబుల్ కట్టమన్నాను. మరబోటు, మోటారు పడవ, ఇంజిన్ లేని తెప్ప. మూడూ ఒకే టేబుల్లో, 'రకం' కాలమ్‌తో. వచ్చిన జవాబుల్లో చాలావాటిలో తెప్పకి హెచ్‌పీ (ఇంజిన్ హార్స్‌పవర్) 0 అని ఉంది. హెచ్‌పీకి నాట్ నల్ (ఖాళీగా వదలకూడదన్న నియమం) పెట్టాక ఏదో ఒకటి నింపక తప్పదు మరి. సగటు తీసే ఏవీజీ ఫంక్షన్ నల్‌ని, అంటే ఖాళీని, వదిలేస్తుంది, 0ని లెక్కేస్తుంది. మీ సగటు పడిపోయింది అందుకే.

నాట్ నల్ తీసేసినవాళ్లు చెక్‌ని, అంటే వరస ఎక్కించేటప్పుడు చూసే షరతుని, ఇలా రాశారు:

చెక్ (రకం = 'తెప్ప' ఆర్ హెచ్‌పీ > 0)

హెచ్‌పీ ఖాళీగా వదిలి ఒక మరబోటుని ఎక్కించండి. హాయిగా ఎక్కేస్తుంది! మొదటి సగం అబద్ధం. రెండో సగంలో నల్ > 0 నిజమూ కాదు, అబద్ధమూ కాదు, 'తెలీదు'. రెండూ కలిపినా 'తెలీదు'. వెతికేటప్పుడు వరసల్ని ఏరే వేర్ అయితే 'తెలీదు'ని బయటికి నెట్టేస్తుంది. చెక్ మాత్రం అబద్ధమని తేలితేనే ఆపుతుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే, ఒకే షరతు రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేస్తుంది. అందుకని రెండో సగానికి ముందు 'హెచ్‌పీ ఈజ్ నాట్ నల్ అండ్' అని చేర్చాలి. రకానికీ నాట్ నల్ ఉండాలి. మైఎస్‌క్యూఎల్ 8.0.16 కంటే పాతదైతే చెక్‌ని అసలు పట్టించుకోదు, వెర్షన్ చూసుకోండి.

ఇంత చేసినా, తెప్పకి ఎంత హెచ్‌పీ రాసినా ఈ చెక్ ఆపదు. అందుకే నేనైతే టేబుల్స్ విడగొడతాను. 'పడవలు'లో నంబరు ప్రైమరీ కీ (ఒక్కో వరసని గుర్తుపట్టే కాలమ్), దానికి తోడు (నంబరు, రకం) మీద యూనిక్, అంటే అదే జంట రెండోసారి రాకూడదు. నంబరు ఎలాగూ యూనికే కదా అంటారు. నిజమే, కానీ ఫారిన్ కీ (వేరే టేబుల్లో ఉన్న విలువే రాయాలన్న నియమం) ఆ జంటని పట్టుకోవాలంటే ఇది కావాలి. 'ఇంజిన్లు'లో నంబరు, రకం, హెచ్‌పీ మూడూ నాట్ నల్. (నంబరు, రకం) ఫారిన్ కీ, చెక్ (రకం <> 'తెప్ప'). ఇక తెప్పకి ఇంజిన్ రాయడం ఎవరి తరమూ కాదు. జంటలో ఒక్కటి నల్ అయినా ఫారిన్ కీ మామూలుగా తనిఖీ చేయకుండా వదిలేస్తుంది. ఆ నాట్ నల్ అందుకే.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇన్‌హెరిట్స్ (తల్లి టేబుల్ కాలమ్స్ పిల్ల టేబుల్‌కి రావడం) ఉంది కదా అంటే, తల్లి టేబుల్ ప్రైమరీ కీ పిల్లలకి వర్తించదు. నేను దాని జోలికి పోను.

అభ్యాసం: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఇంజిన్ లేని తెప్పలకి మినహాయింపు. నిషేధంలో మరబోటు, మోటారు పడవల వేట నమోదు కాకుండా 'వేటలు' టేబుల్ కట్టండి, ఏ ఏడాదికైనా పనిచేయాలి. తర్వాత, మే నెలలో వేటకెళ్లిన తెప్పకి ఆగస్టులో మోటారు బిగించారు. 'పడవలు'లో రకం మార్చబోతే ఏం జరుగుతుంది? ఆన్ అప్‌డేట్ కాస్కేడ్ (అసలు టేబుల్లో మార్పుని ఫారిన్ కీ ఉన్న టేబుల్లోకీ పంపేది) పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి చూసి రాయండి.