స్టోరీలైన్‌లో ఒకే రంగు ఫ్లాట్ బటన్: నా అనుభవం

ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే స్టోరీలైన్ సాఫ్ట్‌వేర్‌లో బటన్‌కి ఒకటే రంగు ఇచ్చినా, మౌస్ పెట్టగానే మళ్లీ షేడ్ కనిపించేది. థీమ్ మార్చడం, స్టైల్ మార్చడం, నీడ తీసేయడం, ఏదీ కుదరలేదు.

చివరికి బటన్ వదిలేసి షేప్ వాడాను. ఇన్సర్ట్‌లో దీర్ఘచతురస్రం గీసి, ఫార్మాట్ షేప్‌లో సాలిడ్ ఫిల్, నో లైన్ పెట్టాలి. రంగు ఆర్‌జీబీ 0, 90, 156 (ముదురు నీలం). దానిపై తెల్ల అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. అక్షరాలు షేప్‌లోనే టైప్ చేయండి. విడిగా టెక్స్ట్ బాక్స్ పైన పెడితే మౌస్ దానికే తగిలి హోవర్ (మౌస్ పెట్టగానే మారే రూపం) రాదు.

స్టేట్స్ (సందర్భాన్ని బట్టి షేప్ చూపే రూపాలు) జోలికి ఇదంతా అయ్యాకే వెళ్లాలి, కొత్త స్టేట్ నార్మల్ రూపంతోనే మొదలవుతుంది కాబట్టి. హోవర్‌కి 0, 62, 110, డౌన్‌కి (నొక్కినప్పటి రూపానికి) ఇంకాస్త ముదురు. హోవర్, డౌన్ పేర్లు స్టేట్స్ లిస్టులోంచే ఎంచుకుంటే, రూపం మార్చమని చెప్పే ట్రిగ్గర్ అక్కర్లేదు.

ఇది స్టోరీలైన్ 360లో చేసింది. పాత వెర్షన్లలో మెనూలు వేరే చోట ఉండొచ్చు.