ఇచ్చిన విలువ మూలమేనా? బ్రాకెట్ పెట్టి చూడండి

నా ట్యూషన్‌లో పదో తరగతి పిల్లలు వర్గ సమీకరణాల దగ్గరికి రాగానే ముందు ఒక పని చేయిస్తాను. ఎక్స్ ఉన్న చోటల్లా దాన్ని తీసేసి ఖాళీ బ్రాకెట్ పెట్టమంటాను. ఇలా:

2( )² + ( ) − 6 = 0

−2 దీనికి మూలమా, అంటే ఎక్స్‌కి బదులు వేస్తే రెండు వైపులూ సమానమవుతాయా? రెండు బ్రాకెట్లలోనూ −2 వేసి, ఎడమవైపు మాత్రమే విడిగా లెక్కకట్టండి.

2(−2)² + (−2) − 6 = 8 − 2 − 6 = 0

కుడివైపూ సున్నాయే కాబట్టి మూలమే. 2 వేస్తే 8 + 2 − 6 = 4 వస్తుంది, కాబట్టి 2 మూలం కాదు.

బ్రాకెట్ పెట్టడానికి బద్ధకించి −2² అని రాశారో, వర్గం 2కే పడుతుంది, మైనస్ బయటే ఉండిపోతుంది. 4 రావాల్సిన చోట −4 వచ్చి, మొత్తం −16 తేలుతుంది. పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ఇంకో అలవాటు, మొదటి లైన్ నుంచే చివర ‘= 0’ తగిలించడం. తేల్చాల్సిందే అది కదా, ముందే ఒప్పేసుకుంటే ఎలా?

రెండు విలువలూ కలిపి ఇచ్చారనుకోండి, −2, 3/2. అప్పుడు దగ్గరి దారి ఉంది. ఎక్స్ ముందున్న 1కి గుర్తు మార్చి వర్గం ముందున్న 2తో భాగిస్తే −1/2, చివరి −6ని అదే 2తో భాగిస్తే −3. మూలాల మొత్తం −1/2, లబ్ధం −3 రావాలి. రెండూ సరిపోయాయి. లబ్ధం ఒక్కటే చూసి వదిలేయకండి. గుర్తులు తారుమారై 2, −3/2 అని ఇచ్చినా లబ్ధం −3యే. మొత్తం 1/2 అయినప్పుడే దొంగ దొరుకుతాడు.

కరణులు, అంటే √3 లాంటివి ఉంటే దశాంశాల జోలికి పోవద్దు. ( )² − 4( ) + 1 = 0 లో 2 + √3 కి బదులు 3.732 వేస్తే −0.000176 వస్తుంది. ‘సున్నా కాదు, మూలం కాదు’ అని కొట్టేస్తారు. √3ని అలాగే ఉంచితే 7 + 4√3 − 8 − 4√3 + 1, సరిగ్గా సున్నా.

పదసమస్యల్లో ఇంకో మెట్టు ఉంది. వెడల్పుకు రెండింతల మీద ఒక మీటరు పొడవు, 6 చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న పూలమడి అన్నా పై సమీకరణమే వస్తుంది. −2 మీటర్ల వెడల్పు ఉండదు కాబట్టి దాన్ని ఎందుకు వదిలేశారో ఒక ముక్క రాసి, వెడల్పు 3/2 మీటర్లు, పొడవు 4 మీటర్లు అని జవాబు ఇవ్వండి.