తక్కువ ఖర్చులో బీబీఏ, బీకాం: దరఖాస్తు చేసే ముందు కళాశాలను ఎంచుకోవడం ఎలా?

హనుమకొండలో ఇంటర్ విద్యార్థులకు కామర్స్ బోధిస్తాను కనుక, ఫలితాలు వచ్చిన మరునాటి నుంచి తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "సార్, ఫీజు తక్కువున్న బీబీఏ కాలేజీ ఏదన్నా చెప్తరా?" ఆ ప్రశ్నను రెండుగా విడదీసి అడగమని వారికి చెబుతుంటాను. మూడేళ్ళు పూర్తయ్యేసరికి ఇంటి నుంచి మొత్తం ఎంత ఖర్చవుతుంది? ఆ మొత్తంలో, ఇప్పుడు మన చేతిలో లేకుండా ఎవరో ఇస్తారన్న నమ్మకం మీద లెక్కలో వేసుకుంటున్న డబ్బు ఎంత? ఈ రెండో ప్రశ్నను మరచిన కుటుంబాలే ఎక్కువగా ఇబ్బంది పడటం చూశాను.

ముందుగా ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ఒక్కో కళాశాలకు ఒక్కో పేజీ కేటాయించండి. ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు, ప్రత్యేక రుసుములు, పుస్తకాలు, ప్రయాణం, మధ్యాహ్న భోజనం, హాస్టల్ అన్నీ విడివిడిగా రాసి మూడేళ్ళకు కూడండి. ఉదాహరణకు, పరకాల దగ్గరి ఊరి నుంచి హనుమకొండకు రోజూ వచ్చి చదివే అబ్బాయికి కళాశాల ఫీజు ఏడాదికి 15 వేలు, పాసుకూ భోజనానికీ నెలకు 1,500 రూపాయలు అనుకుంటే, ఏడాదికి పది నెలల చొప్పున మూడేళ్ళకు 90 వేలు అవుతుంది. అదే అబ్బాయి హైదరాబాద్‌లో ఏడాదికి 40 వేల ఫీజున్న కళాశాలలో చేరి, నెలకు 6 వేలు కట్టి హాస్టల్‌లో ఉంటే మొత్తం 3 లక్షలు అవుతుంది. ఫీజుల్లో తేడా 75 వేలే అయినా అసలు తేడా 2 లక్షల పైమాటే. అమ్మాయిల విషయంలో ఈ లెక్క ఇంకా మారుతుంది. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వారికి ప్రయాణం ఉచితం కనుక, నర్సంపేట, జనగామ, ములుగు వైపు నుంచి వచ్చే ఆడపిల్లలకు వరంగల్, హనుమకొండ కళాశాలలు ఇంతకు ముందెన్నడూ లేనంత చవకగా అందుబాటులోకి వచ్చాయి. జమ్మికుంట, మహబూబాబాద్ వంటి చోట్ల నుంచి వచ్చేవారు రైలు సీజన్ టికెట్ ధరను కూడా కనుక్కుని పోల్చుకోవాలి.

ఇక చేతిలో లేని డబ్బు సంగతికి వస్తాను. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే వేలాది మంది పిల్లలకు డిగ్రీ చదువే ఉండేది కాదు, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే దాని షరతులు తెలియకుండా దాని మీద ఆధారపడకూడదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి 2 లక్షల రూపాయలు. బీసీ కుటుంబాలకు గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి. తెలంగాణ డిగ్రీ కళాశాలల ఆన్‌లైన్ ప్రవేశ విధానమైన డోస్ట్ ద్వారా సీటు పొందినవారికి వర్తించే ఈ సదుపాయం చివర్లో జరిగే స్పాట్ అడ్మిషన్లలో చేరినవారికి వర్తించదు. ఈ ఒక్క విషయం తెలియక, "ఇప్పుడే తొందరేముంది, ఆఖర్న చేరుదాం" అని ఆగినవారు మూడేళ్ళ ఫీజు పూర్తిగా సొంతంగా కట్టుకోవలసి వస్తుంది.

షరతులన్నీ నెరవేర్చినా డబ్బు సమయానికి విడుదల కాకపోవచ్చు. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు రాష్ట్రవ్యాప్తంగా బంద్ పాటించాయి. ఆ ఆలస్యం ఇంటి మీద ఎలా పడుతుందో నేను దగ్గరగా చూశాను. మా అక్క కూతురు ఒక ప్రైవేటు కళాశాలలో చేరినప్పుడు "మీరు రూపాయి కట్టనక్కర్లేదు" అన్నారు. డిగ్రీ పూర్తయి, ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో ర్యాంకు వచ్చి, టీసీ కోసం వెళితే గుమస్తా లెడ్జర్ తెరిచి, ఆమె పేరు పక్కన ఎర్ర సిరాతో గీసిన అంకె మీద వేలు పెట్టి, "ఇది కడితేనే ఇస్తాం, సర్కారు డబ్బులు పడ్డాక వాపస్ చేస్తాం" అన్నాడు. ఎంబీఏలో చేరవలసిన గడువు రెండు రోజులే ఉండటంతో అక్క తన గాజులు కుదువ పెట్టింది. కళాశాలకూ జీతాలు ఇవ్వవలసిన బాధ్యత ఉంటుందని ఒప్పుకుంటాను, కానీ ఆ భారం ఆఖరికి పిల్ల మీద పడటం న్యాయం కాదు. అందువల్ల చేరే ముందే, రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఇస్తారా లేదా అని అడిగి, వీలైతే సమాధానాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. అలా రాసివ్వని కళాశాల అయితే, ఒక ఏడాది ఫీజుకు సరిపడా సొమ్మును మీరే పక్కన పెట్టుకోగలరో లేదో లెక్క చూసుకున్న తరువాతే దాన్ని జాబితాలో ఉంచండి.

కోర్సు విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది. ఎంబీఏ చేయాలంటే బీబీఏ చదివి తీరాలని చాలామంది అనుకుంటారు. ఐసెట్ రాయడానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. కాబట్టి ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ కళాశాలలో మంచి బీకాం ఉండగా, దూరంలో ఖరీదైన బీబీఏ కోసం అప్పు చేయడం నా దృష్టిలో సరైన నిర్ణయం కాదు. లెక్కల పట్ల ఇష్టముండి సీఏ, సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) వైపు ఆలోచన ఉన్నవారికి బీకాం మరింత అనుకూలం. బీబీఏనే కోరుకునేవారు మాత్రం 2024-25 నుంచి ఆ కోర్సు సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చిందని గుర్తుంచుకుని, తాము ఎంచుకున్న కళాశాలకు ఆ అనుమతి ఉందో లేదో ఏఐసీటీఈ వెబ్‌సైట్‌లో స్వయంగా చూసుకోవాలి. కొన్ని ప్రభుత్వ కళాశాలల్లో రిటైల్, లాజిస్టిక్స్ వంటి రంగాల్లో చదువుతూనే పని నేర్చుకుని స్టైపెండ్ పొందే బీబీఏ కోర్సులు కూడా ప్రవేశపెట్టారు; ఇంటికి ఆసరా కావలసిన పిల్లలు వీటిని తప్పక పరిశీలించాలి.

జాబితా మొదట్లో ఉండవలసినవి ప్రభుత్వ కళాశాలలే. హనుమకొండలో కాకతీయ ప్రభుత్వ కళాశాల, ఆడపిల్లలకు వడ్డేపల్లిలోని పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాల, కరీంనగర్‌లో ఎస్సారార్ ప్రభుత్వ కళాశాల, నిజామాబాద్‌లో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల మన ప్రాంతంలో పేరున్నవి. వాటిలో ఈ ఏడాది ఏయే కోర్సులున్నాయో డోస్ట్ పోర్టల్‌లో చూడండి. సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలల్లో చదువు, భోజనం, వసతి మూడూ ఉచితం కనుక అర్హత ఉన్న అమ్మాయిలు వాటి ప్రవేశ పరీక్ష ప్రకటనను వదులుకోకూడదు.

రాష్ట్రం దాటి చూడదలచినవారు ఇంటర్ ఫలితాల దాకా ఆగితే ఆలస్యమవుతుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి 2022 నుంచి నిర్వహిస్తున్న సీయూఈటీకి, ఇండోర్ ఐఐఎం 2011లో మొదలుపెట్టిన ఐదేళ్ళ మేనేజ్‌మెంట్ కోర్సు ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు సాధారణంగా ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగానే ముగుస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ కోర్సుల ఫీజు అందుబాటులో ఉన్నా, అక్కడ అద్దె, భోజనం ఖర్చు మన నోట్‌బుక్‌లోని పేజీని నింపేస్తుంది. ఐఐఎంలో ఫీజే ఏడాదికి లక్షల్లో ఉంటుంది కనుక, ఉపకార వేతనం ఖాయమైతేనే ముందుకు వెళ్ళాలి. ఇంటర్‌లో తమ బోర్డులో మొదటి 20 శాతం మందిలో నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలకు మించనివారికి డిగ్రీ మూడేళ్ళు ఏడాదికి 12 వేలు ఇచ్చే కేంద్ర ఉపకార వేతనం ఒకటుంది. అయితే అర్హులందరికీ అది అందదు, సంఖ్య పరిమితం.

కాగితం మీద జాబితా తయారయ్యాక, ఒక మామూలు పని దినాన, పదకొండు గంటల ప్రాంతంలో కళాశాలకు వెళ్ళండి. ప్రిన్సిపాల్ గదికి ముందు క్యాంటీన్‌కు వెళ్ళి మూడో సంవత్సరం పిల్లలతో మాట్లాడండి. నిన్న ఎన్ని క్లాసులు జరిగాయి, అకౌంట్స్ ఎవరు చెబుతారు, ఆయన రెండేళ్ళుగా ఉన్నారా లేక మధ్యలో మారారా, కంప్యూటర్ ల్యాబ్‌లో టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ మీద జీఎస్టీ బిల్లు సొంతంగా చేశారా అని అడగండి. ఒకసారి ఒక విద్యార్థి నాకు ల్యాబ్ చూపించాడు. కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు తీయకుండానే ఉన్నాయి. ఆ కవర్లు చెప్పినంత స్పష్టంగా ఏ బ్రోచరూ చెప్పలేదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలైతే, మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ అందుకోవడానికి ఎవరైనా విడిగా సాయం చేస్తారా అని కూడా కనుక్కోవాలి.

డోస్ట్ నమోదుకు ఇటీవలి సంవత్సరాల్లో మొదటి విడతలో 200, తరువాతి విడతల్లో 400 రూపాయలు తీసుకుంటున్నారు. మొదటి విడతలోనే చేయడం అన్ని విధాలా మేలు. ఆదాయ, కుల ధ్రువపత్రాలను ఫలితాలకు ముందే మీసేవలో తీసుకోండి. వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు నిజంగా చేరాలనుకున్న కళాశాలను పైన పెట్టి, నోట్‌బుక్‌లోని లెక్క ప్రకారం కిందికి రండి. ఎవరో ఏజెంటు చెప్పిన వరుసను, ఫోన్ చేతికిచ్చి ఓటీపీ చెప్పడాన్ని ఒప్పుకోవద్దు. కొన్ని కళాశాలలు డోస్ట్ పరిధిలో లేవు కనుక వాటికి విడిగా దరఖాస్తు చేయాలి, రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో ముందే అడగాలి. చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలనకు మాత్రమే చూపించి వెనక్కి తీసుకోండి. వాటిని కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే ఆదేశించింది. టీసీ మాత్రం ఇవ్వవలసి వస్తుంది. దానికి కళాశాల ముద్ర, తేదీ ఉన్న రసీదు తీసుకుని, రెండు జిరాక్స్ ప్రతులతో పాటు అదే నోట్‌బుక్‌లో భద్రపరచండి.